ఆట ఆగిన విద్యార్థి

(యౌవనస్థుల సభలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "క్రీడలు, పట్టుదల". కార్యదర్శిగారు ఫోనులో ఈ మాట చెప్పగానే ఒప్పుకున్నాను. ముప్పది ఆరేండ్లు ఈల ఊది జీతము తీసుకున్నవానికి ఇంతకంటె సులభమైన అంశము ఏముంటుంది? తీరా కాగితము ముందు పెట్టుకొని కూర్చున్న తర్వాత కలము కదలలేదు. పట్టుదలను గురించి మాట్లాడుమంటే మనమందరము గెలిచినవారి కథలే చెప్పుతాము. నా కళ్ళ ముందు మాత్రము గెలవని కుర్రవాడొకడు వచ్చి నిలబడ్డాడు. అతని సంగతి చెప్పకుండ ఈ వేదిక దిగలేను. అయితే ముందుగా గెలిచినవాని కథే చెప్పుతాను. అది లేకపోతే రెండవది మీకు అర్థము కాదు.

అమెరికా దేశములో కాన్సాస్ అని ఒక రాష్ట్రము ఉన్నది. కనుచూపు మేర గోధుమ పొలాలు, గడ్డి బీళ్ళు, చలికాలములో ఎముకలు కొరికే గాలి. 1917 ఫిబ్రవరిలో అక్కడి ఒక పల్లెటూరి బడిలో ప్రమాదము జరిగినది. బడి అంటే ఒకటే గది, ఆ గదిలో వెచ్చదనము కొరకు ఒక పొయ్యి. తక్కినవారు వచ్చేలోపల ఆ పొయ్యి రాజేసి గదిని వెచ్చజేయడము ఒక ఇంటి పిల్లల వంతు. గ్లెన్ కన్నింగ్‌హామ్ అనే ఎనిమిదేండ్లు నిండని పిల్లవాడు, పదమూడేండ్ల అతని అన్న ఫ్లాయిడ్, ఆ ఉదయము అందరికంటె ముందుగా వచ్చారు. కిరసనాయిలు ఉండవలసిన డబ్బాలో ఎవరో పొరపాటున పెట్రోలు పోసి ఉంచారు. పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. చమురు పడగానే మంట భగ్గున లేచి ఇద్దరినీ చుట్టుకొన్నది.

అన్న కొద్ది దినములకే చనిపోయాడు. తమ్ముని మోకాళ్ళ మీద, ముంగాళ్ళ మీద మాంసము కాలిపోయినది. ఎడమ పాదము వేళ్ళన్నీ పోయినవి. పాదము క్రింది వంపు కూడ దాదాపు చెడిపోయినది. కాళ్ళు తీసివేయవలసి వస్తుందని వైద్యులు అన్నారు. తల్లిదండ్రులు ఒప్పుకొనలేదు. పెన్సిలిన్ కనిపెట్టడానికే ఇంకా పదకొండేండ్లు ఉన్న కాలము అది. కాళ్ళు ఉంచితే ప్రాణము దక్కుతుందని గాని, ప్రాణము దక్కితే నడుస్తాడని గాని ఎవరూ హామీ ఇవ్వలేని పరిస్థితి.

తల్లి ఆ పిల్లవాని కాళ్ళను ప్రతి దినము చేతులతో పిసికేది, సాగదీసేది. కాలిన చోట చర్మము మానుతూ మానుతూ బిగుసుకొనిపోతుంది, కీలును ముడుచుకొనిపోయేటట్లు లాగివేస్తుంది. ఈనాటి ఆసుపత్రులలో కాలిన గాయములకు చికిత్స చేసేవారు కూడ మొదటి నుండీ కీళ్ళను కదిలించమనే చెప్పుతారు. ఆ తల్లికి ఈ శాస్త్రము ఎంత తెలుసునో నేను చెప్పలేను గాని, చేసిన పని మాత్రము సరియైన పనే. వంట, గొడ్డుచాకిరి, తక్కిన పిల్లలు, అన్నిటి మధ్య ఆ పని సంవత్సరముల తరబడి సాగినది.

రెండేండ్లు గడిచిన తర్వాత, 1919 వేసవిలో, పిల్లవాడు మరల అడుగులు వేయడము మొదలుపెట్టాడు. ఇక్కడ కథలు చాలా పుట్టినవి. ఒక్కొక్క పుస్తకము ఒక్కొక్క విధముగా చెప్పుతుంది, వాటిని వదలిపెడుతున్నాను. ఆయన పెద్దవాడైన తర్వాత స్వయముగా చెప్పిన సంగతి ఒకటి మాత్రము వినండి. నడిచినప్పుడు కాళ్ళు భరించలేనంతగా నొప్పి పెట్టేవట. పరుగెత్తితే నొప్పి ఉండేది కాదట. అందువలన ఐదారేండ్లపాటు ఎక్కడికి పోవలసినా పరుగెత్తే పోయేవాడట.

ఆ పరుగు అతన్ని చాలా దూరము తీసుకొనిపోయినది. 1930లో ఉన్నత పాఠశాల విద్యార్థిగా చికాగోలో మైలు దూరము, అంటే సుమారు 1609 మీటర్లు, 4 నిమిషముల 24.7 సెకనులలో పరుగెత్తి ఆ దేశపు పాఠశాల రికార్డు నెలకొల్పాడు. తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయములో చేరాడు. కాలిన కాళ్ళలో రక్తము సరిగా ఆడదు గనుక పోటీకి ముందు ఇంచుమించు గంటసేపు కాళ్ళు రుద్దించుకొని, నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వెచ్చబరచుకొంటే గాని దిగలేకపోయేవాడు. అలా దిగినవాడే 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పరుగులో నాల్గవ స్థానము పొందాడు. 1934 జూన్‌లో ప్రిన్‌స్టన్‌లో మైలును 4 నిమిషముల 6.8 సెకనులలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించాడు. 1936 బెర్లిన్‌లో రజత పతకము. న్యూజిలాండ్ వాడైన జాక్ లవ్‌లాక్ కొత్త ప్రపంచ రికార్డుతో గెలువగా, కన్నింగ్‌హామ్ అతనికి సెకనులో ఆరు పదవ వంతులు మాత్రమే వెనుకబడ్డాడు. వేళ్ళు లేని పాదముతో పరుగు తీయడము ఎంత కష్టమో తెలియాలంటే మీ చెప్పులో కాలివేళ్ళు ముడుచుకొని పదడుగులు నడచి చూడండి.

ఈ కథ చెప్పేవారు సాధారణముగా ఇక్కడ ఆపివేసి చప్పట్లు కొట్టిస్తారు. నాకు ఇష్టమైన భాగము దీని తర్వాత ఉన్నది. పరుగు పందెములు ముమ్మరముగా సాగుచున్న రోజులలోనే ఆయన అయోవా విశ్వవిద్యాలయములో పై పట్టము, న్యూయార్క్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు సంపాదించాడు. 1940 ఒలింపిక్ క్రీడలు యుద్ధము వలన రద్దయినవి, ఆయన పరుగు మానివేశాడు. అప్పటికి ముప్పది ఏండ్లు. ఆట అయిపోయిన రోజున చేతిలో చదువు ఉన్నది గనుక అయోవా రాష్ట్రములోని కార్నెల్ కళాశాలలో వ్యాయామ విద్యాశాఖకు అధిపతిగా పోయాడు. తర్వాత తన భార్యతో కలిసి కాన్సాస్‌లో పశువుల క్షేత్రము పెట్టి, ఇంట్లో చోటు లేని పిల్లలను, చెడుదారి పట్టిన పిల్లలను తెచ్చి పెంచాడు. కొన్నివేలమంది పిల్లలు ఆ క్షేత్రములో ఉండి పోయారు. ఆయన 1988లో మరణించారు.

ఇక రెండవ కథ.

నేను ఉద్యోగములో చేరి రెండేండ్లయినది. 1984వ సంవత్సరము. నేను పనిచేసిన పాఠశాల పేరు, ఆ కుర్రవాని పేరు చెప్పను. పదవ తరగతి. తండ్రి కూలివాడు. బడికి నాలుగు మైళ్ళ దూరములో పల్లె. అతడు కబడ్డీలో కూతకు పోతే అవతల వారి గుండెలు దడదడలాడేవి. చదువు మధ్యరకము. అయినా కాలేజీకి పోతానని, అక్కడ జట్టులో ఆడి, చదివి, నావలె డ్రిల్లు మాస్టరు అవుతానని చెప్పేవాడు. నావలె కావాలని ఒక పిల్లవాడు అంటే ఇరవై నాలుగేండ్ల వానికి ఎంత గర్వముగా ఉంటుందో మీరు ఊహించుకోండి.

జోనల్ పోటీలలో సెమీ ఫైనల్ నాడు అతడు గీత దగ్గర మెలి తిరిగి పడ్డాడు. మోకాలిలో టప్పుమన్న శబ్దము నాకు గీత బయటికి వినిపించినది. రాత్రికి మోకాలు కుండవలె వాచినది. మరునాడు ఫైనల్. ఐసు తెప్పించి పెట్టాను, గుడ్డ చుట్టాను. తర్వాత అతని ప్రక్కన చాప మీద కూర్చొని ఒక కథ చెప్పాను. ఏ కథ అనుకున్నారు? ఇప్పుడు మీకు చెప్పిన గ్లెన్ కన్నింగ్‌హామ్ కథే. నొప్పిని లెక్కచేయకుండ పరుగెత్తాడురా, కాళ్ళు కాలినవాడు ఒలింపిక్స్‌కు పోయాడురా, నీకు వాపేగదా అన్నాను.

కుర్రవాడు దిగాడు. రెండవ కూతలోనే పడిపోయాడు. ఈసారి లేవలేదు. షీల్డు మాకే వచ్చినది. అది చాలా కాలము ప్రధానోపాధ్యాయుని గదిలో బీరువా మీద ఉండేది.

నేను ఆ రాత్రి కథను తప్పుగా చెప్పాను. కన్నింగ్‌హామ్ నొప్పిని లెక్కచేయకుండ పరుగెత్తలేదు. ఏ కదలికలో నొప్పి తక్కువగా ఉన్నదో ఆ కదలికను పట్టుకొన్నాడు. అతని గాయమునకు కదలడమే మందు. నా కుర్రవాని గాయమునకు కదలకపోవడము మందు. గాయము ఏదో తెలియకుండ పట్టుదలను ఒక్కటే గ్లాసులో పోసి అందరికీ త్రాగించే మాస్టర్లు ఇప్పటికీ ఉన్నారు. వారిలో కొందరు ఈ సభలోనే ఉండవచ్చును. నేను వారిని నిందించడము లేదు, నేను వారిలో మొదటివాడిని.

వాళ్ళ ఊరివారు కట్టు కట్టేవాని దగ్గరకు తీసుకొనిపోయారు. తెగినది ఎముక కాదు గనుక ఆ కట్టు వలన ప్రయోజనము లేకపోయినది. నాలుగు మైళ్ళు నడచి బడికి రాలేడు. బడిలో అతని కొరకు ప్రార్థన చేశాము. అది మంచిదే. కాని ఎవరమూ ఆ ఇంటి గడప తొక్కలేదు. నాకు సైకిలు ఉండేది. ఉదయము ఎక్కించుకొని రావచ్చునన్న ఆలోచన నాకు పుట్టనేలేదు. ఆడలేని వాడు నా లెక్కలో నుండి జారిపోయాడు, అంతే. మార్చిలో పరీక్ష వ్రాయలేదు.

2009లో ఒక బస్టాండు ప్రక్కన నా స్కూటరు టైరు గాలి పోతే తోసుకొంటూ పంక్చరు దుకాణమునకు పోయాను. ఒక మనిషి ఎడమ కాలు వంచకుండ చాపి కూర్చొని ట్యూబు రుద్దుచున్నాడు. తల ఎత్తి "నమస్కారమండి మాస్టారూ" అన్నాడు. గొంతును బట్టి గుర్తుపట్టాను. టీ తెప్పించాడు. పిల్లల సంగతులు, వానల సంగతులు మాట్లాడుకొన్నాము. నేను డబ్బు తీసి ఇవ్వబోతే వద్దన్నాడు. చివరికి అన్నాడు: "ఒక్క మాట అడుగుదునా మాస్టారూ? వేసవి దాకా బడిలో పేరు ఉంచుతారు, కాలు కుదురుకొన్నాక పోదువుగాని అని మా నాన్న అనేవాడండి. నా పేరు ఏ నెలలో కొట్టేశారండీ?"

ఆ తరగతి హాజరు పట్టీ ఆ సంవత్సరము నా దగ్గరే ఉండేది. డిసెంబరు నెల. ఎర్ర సిరా. నాకు బాగా జ్ఞాపకము. "గుర్తు లేదురా" అన్నాను.

అతడు మోకాలిని గురించి ఒక్క మాట అనలేదని నాకు స్కూటరు మీద సగము దూరము వచ్చిన తర్వాత తట్టినది.

ఆ మోకాలిలో ఆ రోజున ఏమి జరిగినదో అప్పుడు నాకు తెలియదు, తర్వాత నేర్చుకొన్నాను. మీలో ఆటలాడేవారు తెలుసుకోవాలి గనుక చెప్పుచున్నాను. తొడ ఎముకను, దాని క్రింది పెద్ద ఎముకను మోకాలి లోపల ఏటవాలుగా పట్టి ఉంచే బలమైన పట్టీ ఒకటి ఉన్నది. లిగమెంటు అంటారు, వైద్యులు దీనిని ఏ.సి.ఎల్. అని పిలుస్తారు. పరుగెత్తుతూ హఠాత్తుగా ఆగినప్పుడు, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి మెలి తిరిగినప్పుడు అది తెగుతుంది. ఎవరూ తాకనవసరము లేదు. ఎగరడము, మలగడము ఉండే ఆటలలో ఈ గాయము మగపిల్లలకంటె ఆడపిల్లలకు ఎక్కువగా వస్తుంది. పూర్తిగా తెగితే సాధారణముగా దానంతట అది అతుక్కోదు. మరల అటువంటి ఆటలు ఆడదలచినవారికి ఎక్కువగా శస్త్రచికిత్సనే సూచిస్తారు. తొడ వెనుక నుండి గాని, మోకాలి చిప్ప క్రింది నుండి గాని బలమైన నరము వంటి పోగును కొంత తీసి, ఎముకలలో సొరంగములు తొలిచి అందులో బిగిస్తారు.

అసలు కిటుకు తర్వాత ఉన్నది. అలా అమర్చిన పోగు మొదటి నెలలలో బలపడదు, బలహీనపడుతుంది. అందులో క్రొత్తగా రక్తనాళములు పుట్టి, అది లిగమెంటుగా మారడానికి నెలలు పట్టుతుంది. నొప్పి మాత్రము చాలా ముందే పోతుంది. అంటే మూడు నెలలు గడిచేసరికి పిల్లవాడు మెట్లు ఎక్కుతాడు, నవ్వుతాడు, బంతి కనబడితే కాలు దురద పెడుతుంది. లోపల పోగు ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొమ్మిది నెలలు నిండకుండ ఆటలోనికి దిగినవారికి మరల తెగే ప్రమాదము ఎక్కువ అని వైద్యులు గట్టిగా చెప్పుతున్నారు. తొమ్మిది నెలలు గడిచినా తొడ కండ రెండవ కాలితో సమానముగా బలపడినదో లేదో చూచి గాని పంపరు. నొప్పి ఉన్న రోజులలో ఎవరూ తొందరపడరు. నొప్పి పోయిన రోజునే పిల్లవానిని కనిపెట్టి ఉండాలి.

మన తెలుగువాడు పుల్లెల గోపీచంద్ గారి సంగతి మీకు తెలుసును. అయితే చాలామందికి తెలిసినది 2001 మార్చి నెల మాత్రమే. బర్మింగ్‌హామ్‌లో చైనా వాడైన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత అయినారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ ఘనత పొందిన భారతీయుడు ఆయన ఒక్కరే. దానికి ఏడేండ్ల క్రితము, 1994లో, పూణేలో జాతీయ క్రీడల సందర్భములో డబుల్స్ ఆడుచు తన జతగానితోనే ఢీకొని ఈ మోకాలి పట్టీనే తెంపుకొన్నారు. అప్పటికి ఇరవై ఏండ్ల విద్యార్థి. ఒకటికంటె ఎక్కువసార్లు మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. 1996లో మొదటిసారి జాతీయ విజేత అయినారు, తర్వాత వరుసగా మరి నాలుగేండ్లు. ఆ ఏడు సంవత్సరములను మనము వార్తాపత్రికలో ఒక్క వాక్యములో చదివి దాటిపోతాము. ఒక కాలి మీద నిలబడి తొడ కండను పెంచుకొన్న ఉదయములు ఎన్ని ఉండి ఉంటవో లెక్కపెట్టండి.

చదువు విషయములో కూడ ఆయన తమ సంగతి దాచుకోలేదు. అన్నగారు ఐ.ఐ.టి. పరీక్షలో నెగ్గి ఆట వదలిపెట్టారట. తాము ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో తప్పడము వలన ఆటలో మిగిలిపోయామని నవ్వుతూ చెప్పుతారు. అయినా కళాశాల వదలలేదు. హైదరాబాదులో ఏ.వి. కళాశాలలో చదివి పట్టభద్రులైనారు. తల్లిదండ్రులారా, మన ఇండ్లలో ఆట, చదువు సవతులవలె కాపురము చేస్తాయి. ఒకటి వస్తే ఇంకొకదానిని బయటికి నెట్టుతాము. కాలు విరిగిన రోజున పిల్లవానికి రెండూ ఉండవు.

ఇక మూడవ సంగతి. ఇది కథ కాదు, ఇంకా నడుస్తున్నది. ఆ అమ్మాయి అనుమతి తీసుకొనే చెప్పుచున్నాను. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము, బై.పి.సి. వాలీబాల్ ఆటగత్తె, రాష్ట్ర స్థాయి పాఠశాల పోటీలలో ఆడినది. తండ్రి తాపీ పని చేస్తాడు. కొద్ది నెలల క్రితము నెట్టు దగ్గర ఎగిరి దిగుతూ మోకాలు పోగొట్టుకొన్నది. అదే పట్టీ. అప్పు చేసి ఆపరేషను చేయించారు. ఇప్పటికి మూడు నెలలు దాటినది. నేను విశ్రాంతి తీసుకొన్నవాడినే గాని, వాళ్ళ ఇల్లు మా వీధి చివర గనుక సాయంకాలము పోయి వ్యాయామములు సరిగా చేస్తున్నదో లేదో చూచి వస్తుంటాను.

మొన్న ఆ అమ్మాయి నన్ను అడిగినది. "వచ్చే నెలలో సెలక్షన్లు ఉన్నాయి మాస్టారూ. నాకు నొప్పి బొత్తిగా లేదు. ఈ ఏడు ఇంకొక్క సర్టిఫికెట్టు వస్తే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటుకు బలముగా ఉంటుంది. పోనా?" తండ్రి గుమ్మములో నిలబడి వింటున్నాడు. ఆయనకు నేను పొమ్మంటే బాగుండునని ఉన్నది, వద్దంటే బాగుండునని కూడ ఉన్నది. అప్పు చేసిన తండ్రి ముఖము అలాగే ఉంటుంది.

నలభై ఏండ్ల క్రితము అయితే కన్నింగ్‌హామ్ కథ చెప్పేవాడిని. ఈసారి పంక్చరు దుకాణము కథ చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు ఆ పిల్ల. తర్వాత, "అయితే మళ్ళీ ఎప్పటికైనా ఆడతానా?" అని అడిగినది. చాలామంది తిరిగి ఆడుతారు. కొందరు మునుపటి స్థాయికి రాలేరు. కొందరు తిరిగి రాగలిగినా భయము పోక మానుకొంటారు. ఈ పిల్ల ఏ కోవలో ఉంటుందో నేనెట్లు చెప్పగలను? "తెలియదమ్మా" అన్నాను. "అందరూ ఆడతావు ఆడతావు అంటున్నారు మాస్టారూ, మీరొక్కరే తెలియదన్నారు" అన్నది. కోపముతో అన్నదో, ఊరటతో అన్నదో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

సీటు విషయము మాత్రము తెలిసినంతవరకు లెక్కవేసి చెప్పాను. ఇదివరకు సంపాదించిన సర్టిఫికెట్లు మోకాలితో పాటు తెగిపోవు. ఏ స్థాయి పోటీకి ఎంత ప్రాధాన్యమో నిబంధనలలో వ్రాసి ఉంటుంది. ఆ సంవత్సరపు ప్రకటన తెచ్చుకొని, అక్షరము వదలకుండ చదువుకొని, అసలు పత్రములతో పోవాలి. కోటాలో రాకపోతే మార్కుల మీద రావాలి, అందుకు జువాలజీ, బాటనీ పుస్తకములు ఉన్నవి. ఆ అమ్మాయి కోరిక వ్యాయామోపాధ్యాయురాలు కావడము. దానికి రాష్ట్రములో జరిగే ప్రవేశ పరీక్షలో కూర్చొని వ్రాసేది ఉండదు, పరుగెత్తాలి, గుండు విసరాలి, దూకాలి. ఇంటర్ కాగానే డిప్లమాకు పోదామంటే మోకాలు అప్పటికి సిద్ధముగా ఉండకపోవచ్చును. డిగ్రీ చదివి బి.పి.ఎడ్.కు పోదామంటే మూడేండ్ల వ్యవధి దొరుకుతుంది. మోకాలికి తొమ్మిది నెలలు కావాలి, డిగ్రీకి మూడేండ్లు ఉన్నవి. ఈ లెక్క తండ్రికి వెంటనే బోధపడినది. తాపీ పనివారికి తెలియనిదా? స్లాబు వేసిన మరునాడు చెక్కలు ఊడదీయరు.

ఒకవేళ మోకాలు సహకరించకపోతే? అదీ మాట్లాడుకొన్నాము. బై.పి.సి. చదివినవారికి ఫిజియోథెరపీ చదువు ఉన్నది. తన మోకాలి మీద అన్ని వ్యాయామములు చేసిన పిల్లకు ఆ చదువు క్రొత్తగా ఉండదు. "అది రెండో దారి మాస్టారూ, మొదటిది కాదు" అని ఆ అమ్మాయి వెంటనే అన్నది. సరే, అలాగే కానిమ్మన్నాను. మొదటి దారి ఇంకా మూసుకోలేదు.

ఇంకొక చిక్కు మిగిలినది. వాళ్ళ తరగతి రెండవ అంతస్తులో. ఊతకర్రలతో దినమునకు రెండుసార్లు అన్ని మెట్లు ఎక్కి దిగలేక ఆపరేషను తర్వాత నెల రోజులు కాలేజీకి పోలేదు. హాజరు తగ్గుతున్నది. నాకు ఎర్ర సిరా గుర్తుకు వచ్చినది. తండ్రిని వెంటబెట్టుకొని ప్రిన్సిపాలుగారి దగ్గరకు పోయాను. ఏవో వాదనలు సిద్ధము చేసుకొని పోయాను గాని వాటి అవసరము పడలేదు. ఆయన టైముటేబులు తీసి చూచి, క్రింద ఖాళీగా పడి ఉన్న పాత ప్రయోగశాల గది ఉన్నదిగదా, ఆ సెక్షను అందరినీ అక్కడికి దింపుదామన్నారు. ఇంత చిన్న పని. 1984లో నాలుగు మైళ్ళు ఒక సైకిలు ప్రయాణము, అది కూడ ఇంతే చిన్న పని.

ఆ శనివారము తోటి ఆడపిల్లలు బెంచీలు మోసుకొని మెట్లు దిగారు. ఒక బెంచీ కాలు విరిగినదని అటెండరు కేకలు వేశాడట.

నిన్న ఉదయము ఆ వైపు పని ఉండి పోయాను. క్రింది గది కిటికీ తెరచి ఉన్నది. చివరి వరుసలో ఆ అమ్మాయి కాలు ఒక స్టూలు మీద చాపుకొని, ఒడిలో పుస్తకము పెట్టుకొని కూర్చొని ఉన్నది. అధ్యాపకురాలు హాజరు పిలుస్తున్నారు. ముప్పది అయిదు, ముప్పది ఆరు. ముప్పది ఏడు అనగానే, "ప్రెజెంట్ మేడం" అన్నది. కాసేపు అక్కడే నిలబడి, వాళ్ళు చూడకముందే వచ్చేశాను.